మోదుగపువ్వు, రేలపువ్వు

ఒక పెద్ద అడవిలో ప్రేమకి కూడా ఒక ఆఫీసు ఉండేది. ఆడవాళ్ళని ప్రేమించే ఆడజంతువులు పెట్టుకున్నది. మిగతా అడవంతా తమని చూసి ఇకిలిస్తుంటే, వాగు ఒడ్డున కలుసుకోవడానికి వాళ్ళకో చోటు కావాల్సి వచ్చింది. అంతవరకు బాగానే ఉంది.

తర్వాత నక్క నాగరత్నమ్మ కార్యదర్శి అయింది.

"ఎవరేమిటో తెలియకుండా ప్రేమలేమిటి?" అని ఆమె రెండు బుట్టలు పెట్టించింది. ఆడవాళ్ళని మాత్రమే ప్రేమించేవాళ్ళ చెవికి ఎండబెట్టిన మోదుగపువ్వు. ఆడైనా మగైనా ప్రేమించగలవాళ్ళకి రేలపువ్వు. రేలపువ్వు వాళ్ళు అవతలి ఒడ్డున మూడేళ్ళు ఉండి, బుద్ధి నిలకడైనదని చూపించుకోవాలి. అధ్యక్షురాలు తాబేలు నిద్రలోనే "ఆమోదించాం" అంది.

జింక వకుళకీ దుప్పి తరళకీ ఒకరంటే ఒకరికి ప్రాణం. పువ్వు కోసం వెళ్ళినప్పుడు వకుళ అబద్ధమాడలేక, ఒకప్పుడు ఒక మగజింకని ప్రేమించానని చెప్పేసింది.

"రేలపువ్వు! అవతలికి నడు," అంది నాగరత్నమ్మ. "రేపు ఏ కొమ్ములవాడో కనబడితే మా తరళని వదిలేసి పోతావు."

"ఎవరినైనా ప్రేమించగలనన్నాను గానీ, కనబడ్డవాళ్ళందరినీ ప్రేమిస్తానన్నానా అమ్మా?"

తరళకి ఒళ్ళు మండింది. "మోదుగపువ్వు పెట్టుకున్న కుందేలు కుసుమ నలుగురిని వదిలేసింది. ఆవిడనేం అనరే?"

"ఆవిడ వదిలింది ఇంకో ఆడదాని కోసం. అది వేరు."

వకుళ ఏడుస్తూ వాగు దాటింది. వానలు మొదలైతే వాగు నాలుగు నెలలు దిగదు. మబ్బులు అప్పటికే కమ్ముతున్నాయి.

ఈలోగా కొందరు పువ్వులు మార్చేసుకుంటున్నారని నాగరత్నమ్మకి తెలిసింది. వెంటనే వాసన పరీక్ష ప్రకటించింది. ఒంటిమీద మగవాసన తగిలితే అవతలి ఒడ్డే. అన్ని మగవాసనలూ గుర్తుపట్టడం నేర్చుకోవాలని వారం రోజులు గుహగుహకీ తిరిగింది, ఒక్కొక్కడు పడుకున్న చోట పడి దొర్లింది. దానికి శిక్షణ అని పేరు.

పరీక్ష రోజు అందరూ వరసలో నిలబడ్డారు. నాగరత్నమ్మ ఠీవిగా వచ్చింది. గాలి ఇటు తిరిగింది. ఎన్నడూ లేనిది తాబేలు ఉలిక్కిపడి లేచింది.

"ఎవరే అది? పందీ, ఎలుగూ, దున్నా... మగవాళ్ళ సంత గానీ దిగిందా?"

ముక్కులన్నీ నక్క వైపు తిరిగాయి.

"ఆఫీసు పనమ్మా అది!" అంది నాగరత్నమ్మ. "నా మనసులో ఏమీ లేదు!"

"మనసు చూసే పద్ధతి మనకి లేదుగా," అంది తరళ. చెవి పువ్వు తీసి బుట్టలో పడేసి వాగులోకి దిగింది. అవతల వకుళ మోకాలి లోతు నీళ్ళలోకి ఎదురొచ్చింది. తొలి చినుకులు పడుతుంటే ఒక్కొక్కరే పువ్వులు పారేసి వాళ్ళ వెనకే దాటారు. ఆఖరున తాబేలు, "ఆమోదించాం, ఆమోదించాం" అంటూ ఈదుకుపోయింది.

సాయంత్రానికి వాగు పొంగింది. తను పెట్టిన నియమం ప్రకారం నాగరత్నమ్మ కూడా అవతలికి పోవాలి, కానీ దారి లేదు. ఒక్కతే కూర్చుని మోదుగపువ్వు పెట్టుకుని తీసింది, రేలపువ్వు పెట్టుకుని తీసింది. తన దరఖాస్తు ఇంకా తన పరిశీలనలోనే ఉంది.

నీతి: ప్రేమించడానికి తోడెవరూ లేకపోయినా ఫరవాలేదు, చెవిలో పువ్వు మాత్రం సరైనదై ఉండాలి.