చీరకి దొరికిన సీటు

ఆ పొద్దున పామర్రులో రావమ్మ గృహప్రవేశం. పుట్టింటి చీర వేళకి అన్నయ్య చేతుల మీదుగా అందాలి. ఆలస్యమైతే రావమ్మ అలక ఆ కొత్త ఇంటికంటే ఎక్కువకాలం నిలుస్తుందని చుట్టాలందరికీ తెలుసు. అయినా అన్నయ్య రామకోటేశ్వరరావు గారు మంగళగిరి చీర సంచీలో పెట్టుకుని, కొడుకు కిరీటి చేతిలోని కారు తాళాలు లాక్కుని మళ్ళీ మేకుకి తగిలించేశారు.

"బస్సులో పోదాంరా. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో పామర్రు నుంచి బెజవాడకి రోజూ బస్సేగా! బస్సు ఆగకముందే కిటికీలోంచి రుమాలు పడేస్తే ఆ సీటు మనదే. మీ మేనత్త కాలేజీకి నాతోనే వచ్చేది. ఒక్కరోజు నిలబడనిచ్చానా?"

"అయితే ఇవాళ నాకూ వెయ్యండి మావయ్యా!" అంది కోడలు సింధూరి. పెళ్ళయి నెల కాలేదు. కిరీటి పక్కన కూర్చోవడానికి ఆమెకి ఎడ్లబండైనా ఒకటే. అత్తగారు ముందురోజే పామర్రు వెళ్ళిపోవడంతో కాదనేవాళ్ళు కూడా లేరు.

బెజవాడ బస్టాండులో రావుగారు బోర్డులు చూడలేదు. ఆ రోజుల్లో పామర్రు బస్సు ఆగే చోటికి నేరుగా వెళ్ళి నిలబడ్డారు. బస్సొకటి మలుపు తిరగగానే ఆయన మోకాళ్ళనొప్పి మాయమైంది.

"రుమాలేదిరా?"

"టిష్యూ ఉంది నాన్నా."

"టిష్యూకి సీటెవడిస్తాడ్రా!" అంటూ పరిగెత్తి, చేతిలో ఉన్న సంచీనే కిటికీలోంచి విసిరారు. అది సరిగ్గా సీటు మధ్యలో పడింది. సింధూరి చప్పట్లు కొట్టింది.

కిరీటి అప్పుడు బోర్డు చదివాడు. "నాన్నా, ఇది ఇబ్రహీంపట్నం బస్సు!"

పామర్రు ఒక దిక్కు, ఇబ్రహీంపట్నం దానికి ఎదురు దిక్కు. తలుపు దగ్గర జనం ముగ్గుర్నీ పక్కకి నెట్టేశారు. బస్సు కదిలిపోయింది. చీరకి సీటు దొరికింది, వీళ్ళకి దొరకలేదు.

అంతలో అత్తగారి ఫోను. "బయల్దేరారా అమ్మాయ్?"

"చీర బయల్దేరింది అత్తయ్యా! బస్సులో వెళ్తోంది. దాని వెనకే మేం..." అంటూ సింధూరి ఆటో ఎక్కేసరికి ఫోను కట్టయింది. ఆ మాట అత్తగారి నోట విని, పుట్టింటి చీర ముందు బస్సులో వచ్చేస్తోందనుకుని, అక్కడ రావమ్మ సన్నాయి మేళాన్ని పామర్రు సెంటరుకి ఎదురు పంపించింది.

"ఆ బస్సుని పట్టుకోవాలయ్యా," అన్నారు రావుగారు ఆటో మాణిక్యంతో.

"ఎవరన్నా లేచిపోయారాండీ?"

"చీర!" అంది సింధూరి.

"ఎవరితోనండీ?"

భవానీపురంలో బస్సు దొరికింది. లోపల ఒకరి కాళ్ళ మీద ఒకరు నిలబడి ఉన్నారు. కిటికీ పక్క సీటు మాత్రం ఖాళీ. అందులో సంచీ ఒక్కటే దర్జాగా కూర్చుని ఉంది.

"మీదేనాండీ?" అంది కడ్డీ పట్టుకుని వేలాడుతున్న దానమ్మ అనే ఆవిడ. "సంచీ వేశాక ఎట్టా కూర్చుంటాం? వేసినాయన ఎక్కుతాడుగా అని చూస్తన్నాం."

రావుగారి కళ్ళు చెమర్చాయి. వెళ్ళి ఆ సీట్లో కూర్చున్నారు.

"దిగండి నాన్నా, ముహూర్తం!"

"ఇంతమంది నిలబడి నాకోసం ఉంచిన సీటురా! దిగిపోతే మర్యాదగా ఉంటుందా? మూడు ఇబ్రహీంపట్నం ఇవ్వండి."

వాళ్ళు పామర్రు చేరేసరికి పాలు పొంగాయి, వ్రతం అయిపోయింది. వచ్చిన ప్రతి బస్సుకీ సన్నాయి ఊది ఊది మేళంవాళ్ళు సెంటర్లో సోడాలు తాగుతున్నారు. గుమ్మంలో రావమ్మ మొహం కందగడ్డలా ఉంది. ఇబ్రహీంపట్నం వెళ్ళొచ్చామని కిరీటి నసిగాడు.

"ముహూర్తం పెట్టుకుని ఇబ్రహీంపట్నంలో నీకేం పని అన్నయ్యా?"

ఆయన చీర చేతిలో పెట్టి జరిగిందంతా చెప్పారు. రావమ్మ ఒక్కటే అడిగింది.

"నిజంగా ఎవరూ కూర్చోలేదా?"

"ఒక్కరంటే ఒక్కరు!"

ఆమె చీర గుండెలకి హత్తుకుని పకపకా నవ్వేసింది. "సరే, రండి. భోజనాల దగ్గర నేనూ వేసి ఉంచాను."

బంతి నిండిపోయింది. కుర్చీల వెనక జనం కాచుకుని నిలబడ్డారు. అయినా రావమ్మ రుమాళ్ళు పరిచిన రెండు కుర్చీలూ ఖాళీగానే ఉన్నాయి. మూడోదానికి రుమాలు చాలక టిష్యూ వేసింది. అందులో ఎవరో కూర్చుని అప్పటికే పప్పు కలుపుకుంటున్నారు.