చిక్కుడుగింజల డబ్బా మహిమ

ఆకలి లేని ఊరూ ఒక ఊరేనా? ఊరికే సరుకులు పంచే ఫుడ్ బ్యాంక్ తెరిచాకే కదా, ఏళ్ళ తరబడి ఒకే మెట్లెక్కి దిగుతున్న మేమంతా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నది!

ఆ లైన్లో ఎవరు లేరని? మా పిల్లల టీచరమ్మ ఉంది. బస్సు డ్రైవరైతే యూనిఫాంలోనే వచ్చేస్తాడు. పనీపాటా లేనివాళ్ళకే ఆకలి అనే కాలం పోయింది. ఇప్పుడు రోజంతా ఒళ్ళు వంచితేనే ఆ లైన్లో నిలబడే అర్హత. ప్రగతి అంటే ఇదే మరి.

మా అక్క సూపర్ మార్కెట్లో షెల్ఫులు సర్దుతుంది. పొద్దస్తమానం తిండి మధ్యే ఉంటుంది. మనిషికి ఇంకేం కావాలి?

మా లైన్లో ఒక మర్యాద ఉంది. ఎవరూ ఉత్త చేతులతో రారు. అందరికీ కనబడేలా చేతిలో సీలు తీయని తిండి డబ్బా ఒకటి ఉండాలి. దారిన పోయేవాళ్ళు "ఎంత మంచివాళ్ళో, దానమివ్వడానికొచ్చారు" అనుకోవాలి. గుమ్మం దగ్గరికి రాగానే డబ్బా సంచిలోకి జారిపోతుంది. అక్క చిక్కుడుగింజల డబ్బా అలా ఏడాదిగా షికారు చేస్తోంది. సొట్టలు పడింది గానీ పరువు మాత్రం నిలబెట్టింది.

పోయిన శనివారం గుమ్మంలో సరుకులిచ్చే కొత్తావిడ ఉంది. పాపం, మా మర్యాద తెలీదు. అక్క దాచేలోపే డబ్బాని రెండు చేతులా అందుకుంది.

"మీలాంటివాళ్ళు ఉండబట్టేనమ్మా నాలుగు కడుపులు నిండుతున్నాయి," అంటూ అక్క కోటుకి 'దాత' అని బ్యాడ్జీ గుచ్చింది. ఫోటో కూడా తీసింది.

ఆకలి నాకేనమ్మా అని అక్క అనలేకపోయింది. నవ్వుతూ ఖాళీ సంచితో వెనక్కి తిరిగింది. వెనకే ఉన్న నాకు ఒళ్ళు మండిపోయింది, ఎవరి మీదో తెలీదు.

నా సరుకులు తీసుకుని, ఇద్దరం అక్క ఇంటికి వెళ్ళేసరికి పిల్లలు ప్లేట్లు పెట్టుకుని కూర్చున్నారు. బ్యాడ్జీ చూసి చిన్నది మురిసిపోయింది.

"మరి మన డబ్బా ఏదీ? ఏమీ దొరకని రోజు అదే తిందామన్నావుగా?" అన్నాడు పెద్దాడు.

అక్క బ్యాడ్జీ పీకేసి సింకు పక్కన పడేసింది. నా సంచిలోది సగం సగం పంచుకున్నాం. నా డబ్బా కూడా ఆ పూటే తెరిచేశాం.

అందుకే ఈ శనివారం ఉత్త చేతులతో నిలబడ్డాను. బస్సు డ్రైవరు కంగారుపడిపోయాడు.

"మీ డబ్బా మర్చిపోయారా ఏంటండీ?"

"లేదండీ. ఆకలేసి వచ్చాను."

ఆయన తన డబ్బా సంచిలో పడేశాడు. ఆ వెనక టీచరమ్మ డబ్బా కూడా మాయమైంది. ఇలాగైతే మా ఊళ్ళో ఆకలి అందరికీ కనబడిపోదూ?