గిటార్‌కి ఎక్స్‌రే తీసిన వదిన

కొత్తగా కొన్న గిటార్ మీద అనుమానం రావడమంత అదృష్టం మనిషికి ఇంకొకటి లేదు. గిటార్ కొన్నవాళ్లకు సంగీతం రావచ్చు, రాకపోవచ్చు. అనుమానం మాత్రం తప్పకుండా వస్తుంది. అదీ ఫ్రీగా, హోమ్ డెలివరీలో!

కాదంటారా? అయితే ఎక్స్‌రే వదిన సంగతి వినండి.

ఆమె ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. అపార్ట్‌మెంట్లో చిన్నాపెద్దా అందరికీ ఎక్స్‌రే వదినే. ఊళ్లో సగం మందికి "ఊపిరి బిగబట్టండి, ఇక వదలండి" అని చెప్పిన ఆ మనిషికి, తన కోసం ఊపిరి పీల్చుకునే తీరిక మాత్రం ఏనాడూ చిక్కలేదు. పిల్లల చదువులయ్యాయి. అత్తగారి మోకాళ్లయ్యాయి. యాభై దాటాక ఓ రోజు ఎవరినీ అడక్కుండా అకౌస్టిక్ గిటార్ కొని, పసిపిల్లను తెచ్చినట్టు బస్సులో ఒళ్లో పెట్టుకుని ఇంటికి తెచ్చుకుంది.

ఆమె భర్త బీమా కంపెనీలో క్లెయిములు పరిశీలించే ఉద్యోగి. కాలిపోయిన ఇల్లు కళ్లెదుట చూపించినా "నిజంగానే కాలిందంటారా?" అని అడిగే రకం. ఆయన గిటార్ చుట్టూ ఓసారి తిరిగి, "ఇంతకీ ఇది కొత్తదేనా?" అన్నాడు.

అంతే, విత్తనం పడింది.

వదిన ఒక తీగ మీటింది. జుమ్మనాల్సింది కాస్త జీర పోయినట్టనిపించింది. గిటార్ తిరిగి సంచీలోకి వెళ్లిపోయింది.

మర్నాడు మరిది వచ్చాడు. ఆయన గిటార్ ఎన్నడూ ముట్టుకోలేదు గానీ, గిటార్ల మీద వీడియోలు చూడటంలో ఆయన్ని మించినవాడు లేడు.

"వదినా, పైది అసలు చెక్కేనా, ప్లైవుడ్డా? మెడ వంగిందేమో చూశావా? సరే, గదిలో తేమెంత?"

గదిలో తేమెంతో వదినకు తెలియదు. ఆ ముక్క తెలియకుండానే ఇన్నేళ్లు బతికేసినందుకు సిగ్గేసింది.

చూశారా, అనుమానం ఎంత విజ్ఞానం పంచుతుందో! ఐకమత్యం సంగతి చెప్పనే అక్కర్లేదు. అంతకుముందు ఆ ఇంట్లో భోజనాల వేళ ఎవరి ఫోన్ వాళ్లకి లోకం. ఇప్పుడు ముగ్గురూ ఒకే బల్ల చుట్టూ చేరి గిటార్ రోగాలు చర్చిస్తున్నారు. మరిది టార్చిలైటు వేసి దాని కడుపులోకి తొంగిచూస్తాడు. భర్త గిటార్ మెడకు స్కేలు ఆనించి, ఒంటికన్ను మూసి, పెదవి విరుస్తాడు. తేమ కొలిచే యంత్రం కూడా వచ్చింది. మరి వాయించడమో? రోగమేమిటో తేలకుండా ఎవరైనా వాయిస్తారా?

చివరికి వదిన గిటార్‌ని షాపుకి తీసుకెళ్లింది. షాపాయన స్టూలు మీద కూర్చుని వాయిస్తుంటే దారినపోయేవాళ్లు నిలబడిపోయారు.

"బాగానే ఉందమ్మా," అన్నాడాయన.

"ఇక్కడ బాగానే ఉంది. మా ఇంట్లో అలా రావట్లేదండీ."

"ఇంట్లో ఎవరు వాయిస్తున్నారు?"

వదిన గిటార్‌ని సంచీలో సర్దేసింది. ఎవరూ వాయించడం లేదు మరి.

ఇంకొకరైతే అక్కడితో ఊరుకునేవాళ్లు. వదిన మర్నాడు గిటార్‌ని ఆసుపత్రికి మోసుకెళ్లింది. మధ్యాహ్నం పేషెంట్లు లేని వేళ చూసి దాన్ని బల్ల మీద పడుకోబెట్టి ఎక్స్‌రే తీసింది. తెర మీద తీగలు తెల్లగా మెరిశాయి. కడుపులోని బద్దలు పక్కటెముకల్లా మసగ్గా కనిపించాయి. అప్పుడే ఎముకల డాక్టరు లోపలికొచ్చాడు.

"ఎవరమ్మా ఈ పేషెంటు?"

"నా గిటారండీ. ఎక్కడో పగులుందని అనుమానం."

డాక్టరు నవ్వలేదు. కళ్లజోడు సర్దుకుని బొమ్మంతా పరిశీలించాడు.

"పగుళ్లేం లేవు. మెడ నిటారుగా ఉంది. ఎన్నాళ్లుగా కదలిక లేదు?"

"కొన్నప్పట్నుంచీ అంతేనండీ."

"అదీ జబ్బు. వాడకపోతే ఏదైనా పట్టేస్తుంది. ఇవాళే కదలిక మొదలుపెట్టించండి," అని చెప్పి వెళ్లిపోయాడు.

ఆ డాక్టరు ఎంత పని చేశాడో గమనించారా? అనుమానం ఉన్నన్నాళ్లూ నేరమంతా గిటార్‌ది. అది నిర్దోషిగా బయటపడ్డాక ఇక బోనులో నిలబడాల్సింది ఎవరు? ఈ వయసులో వేళ్లు చెప్పిన మాట వింటాయా? నలుగురూ నవ్వరూ? ఆమె గుండెల్లో గుబులుగా ఉన్న ప్రశ్నలు ఇవే. ప్లైవుడ్డు గురించీ తేమ గురించీ ఎవరైనా అడుగుతారు. వీటిని అడిగినవాళ్లు లేరు, ఆమె చెప్పుకున్నదీ లేదు.

ఆ సాయంత్రం వదిన పడగ్గదిలో మంచం అంచున కూర్చుని గిటార్ బయటికి తీసింది. తీగలు అదిమితే వేళ్లు కోసుకుపోతున్నట్టుంది. మోగించిన ప్రతిసారీ తుప్పు పట్టిన గేటు తెరిచిన చప్పుడే. మళ్లీ అదిమింది, మళ్లీ గేటే. చాలాసేపటికి ఎలాగో ఒక్క స్వరం శుభ్రంగా పలికి, వెంటనే ఆగిపోయింది. అది తన చేతిలోంచి వచ్చిందని నమ్మలేక తీగల వంకే చూస్తూ కూర్చుంది.

హాల్లోంచి భర్త తొంగిచూశాడు. "గిటార్‌లో ఏదో తేడా ఉందోయ్. రేపు తమ్ముణ్ణి రమ్మంటాను."

"తేడా నాలో ఉందండీ. దాని సంగతి నేను చూసుకుంటాను. మీరా తలుపేసి వెళ్లండి."

ఆయన తలుపేసి వెళ్లాడు. మర్నాడు రాత్రి భోజనాల దగ్గర అన్నదమ్ములకు మాట్లాడుకోవడానికి ఏమీ దొరకలేదు.

కలిసి కూర్చుని అనుమానపడే నిక్షేపంలాంటి కుటుంబం. ఒక్క ఎక్స్‌రేతో పాడైపోయింది.