పిన్ను చూసిన జానీ మియా

"ఆగు జెబా బేటా, గట్ల కాదు. 'నేను' అని రాసినవా? కొట్టెయ్. 'జానీ మియా' అని రాయి. ఎవడో బయటోని సంగతి చెప్తున్నట్టుంటే తిట్టుకునేటందుకు నాకు జర సులువైతది. నా మాట నెమ్మదిగ వస్తదని నువ్వు ముందుకు ఉరకకు. నా యాసను సాపు చేసుకో, పుస్తకంల ఉన్నట్టు రాయి. సంగతిని మాత్రం సాపు చెయ్యకు. అవ్, ఇగ రాయి."

ఖమ్మానికీ భద్రాచలం అడవులకూ నడుమ, ఆకాశం నుంచి దూకే వీరులు మొత్తం రెండువందల పన్నెండు మంది ఉన్నారు. వారిలో ఇప్పటివరకు దూకినవారు ఒకరు. మిగతా రెండువందల పదకొండు మంది ఫోన్లో ఉన్నారు.

వీరి వాట్సాప్ గ్రూపు పేరు 'గగన వీరులు'. పేరు కిందనే 'రాజకీయాలు నిషేధం' అని రాసి ఉంటుంది. ఆ నిషేధం న్యాయమైనదా కాదా అన్న చర్చతో గ్రూపు మొదటి ఏడాది ప్రశాంతంగా గడిచింది.

దూకిన ఆ ఒక్కరు తబితా. మధిర పిల్ల. మహారాష్ట్రలో ఎక్కడో శిక్షణ తీసుకొని అరవై ఒక్కసార్లు విమానంలోంచి దూకింది. తనలాంటివాళ్లు ఈ చుట్టుపక్కల ఇంకో నలుగురు దొరుకుతారేమోనని గ్రూపు పెట్టింది. నాలుగు నెలల్లో రెండువందల మంది దొరికారు. అయిదో నెలలో ఆమె తన ఫోన్లో గ్రూపు చప్పుడు ఆపేసి, నోటీసులు మాత్రం చూసుకోవడం మొదలుపెట్టింది. వీరులెవరూ గమనించలేదు. వాళ్లకు పని ఎక్కువ.

పొద్దున్నే ఎవరో ఒకరు, "ఇయ్యాల మబ్బులు మూడు వేల అడుగుల మీదున్నయ్, దూకేటందుకు మంచి దినం" అని పెడతారు. వెంటనే సత్తుపల్లి వీరుడొకరు, "మంచి దినాలన్నీ మధిరకేనా? మేం మనుషులం కామా?" అని నిలదీస్తారు. టిఫిన్ వేళకు చర్చ యూరియా లైన్ల దగ్గరికి చేరుతుంది. చాయ్ వేళకు పోడు భూముల పట్టాలు. మధ్యాహ్నానికి సముద్రాల అవతల జరిగే యుద్ధం. అక్కడి రెండు దేశాల సేనాపతులకూ తల్లాడ నుంచి రోజూ సలహాలు వెళ్తుంటాయి. వాళ్లు పాటించకపోవడం వల్లనే యుద్ధం ఆగడం లేదని గ్రూపు ఏకగ్రీవ అభిప్రాయం. ఆ గ్రూపులో ఏకగ్రీవమైనది అదొక్కటే.

ఇక జానీ మియా. తల్లాడలో నలభై ఏళ్లుగా షామియానాలు, తార్పాలిన్లు కుడుతున్నాడు. మూడో తరగతితో చదువు ఆపి సూది పట్టాడు. వచ్చిన మెసేజీలను కూడబలుక్కొని చదువుతాడు. చెప్పదలచుకున్నది గొంతుతో పంపుతాడు. ఆయన మాట నెమ్మది. ఒక వాక్యం మొదలుపెడితే వినేవాడు పోయి చాయ్ తాగి రావచ్చు. అలాంటి మనిషి గగన వీరుడు ఎలా అయ్యాడంటే, అదీ గాలి పనే.

ఎనభై తొమ్మిదిలో నేలకొండపల్లిలో ఒక పెళ్లికి షామియానా కడుతుండగా దుమారం లేచింది. తాడు కొస చేతికి చుట్టుకొని ఉన్నాడు. షామియానా లేచింది, మియా లేచాడు. ప్రహరీ దాటి, గేదెల కొట్టం దాటి, పేడకుప్ప మీద దిగాడు. గాలిలో ఉన్నది అయిదు అంకెలు లెక్కపెట్టేంత సేపు. మగపెళ్లివారు అది కూడా కార్యక్రమంలో భాగమేననుకొని చప్పట్లు కొట్టారు.

గ్రూపులో చేరిన కొత్తలో ఆయన నవ్వులాటకు, "నా మొదటి జంపు ఎనభై తొమ్మిదిల, నేలకొండపల్లిల" అన్నాడు. నూట నలభై మూడు బొటనవేళ్లు లేచాయి. అంతమంది వేళ్లు లేపాక దించండని చెప్పడం మర్యాద కాదని ఊరుకున్నాడు. వారం తిరిగేసరికి ఆయన 'జిల్లా ప్రథమ గగన వీరుడు'. నెల తిరిగేసరికి ఆ సంగతి ఆయన కూడా నమ్మాడు. పేడకుప్ప ఎప్పుడో కథలోంచి జారిపోయింది.

అప్పుడే దేశంలో వీధికుక్కలను ఊళ్లలో ఉంచాలా, తరలించాలా అన్న వివాదం వచ్చింది. గ్రూపు నిట్టనిలువునా చీలింది. కుక్కల పక్షానికి నాయకుడు యోనా, మధిరలో రిటైరైన రైల్వే గార్డు. మనుషుల పక్షానికి నాయకుడు జానీ మియా. కుక్కలకూ విమానంలోంచి దూకడానికీ సంబంధమేమిటని ఎవరో అమాయకుడు అడిగాడు. "ఆకాశంలకెల్లి దిగినోన్ని ముందుగాల పలకరించేది ఎవరనుకున్నవ్? కుక్కనే" అని మియా జవాబిచ్చాడు. ఆ రోజు నుంచి అది క్రీడా విషయంగా గుర్తింపు పొందింది.

తల్లాడ దాటాక అడవి మొదలయ్యే చోట ఒక పాత మట్టి రన్‌వే ఉంది. ఎన్నడో ఒక పెద్దమనిషి విమానంలో వచ్చి ఏదో ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేసి వెళ్లాడు. ఫ్యాక్టరీ రాలేదు, శిలాఫలకం ఎవరి ఇంటి ముందో బట్టలుతికే బండ అయింది, రన్‌వే మాత్రం మిగిలింది. ఈ ఫిబ్రవరిలో అక్కడ గగనోత్సవం జరపాలనీ, గ్రూపు తరఫున తబితా దూకాలనీ తీర్మానమైంది.

చిక్కు ఒక్కటే. దూకేవాళ్ల పద్ధతి ఒకటుంది. వీపు మీద పారాచూట్ సంచి మూతను ఒక చిన్న ఇనుప పిన్ను పట్టి ఉంచుతుంది. అది తన వీపు కాబట్టి దూకేవాళ్లకు కనబడదు. ఇంకొకరు చూడాలి. చూసి, భుజం మీద రెండుసార్లు తట్టి, "చూసిన" అనాలి. ఆ మాట మీదనే విమానం ఎక్కుతారు. మామూలుగా దూకేవాళ్లు ఒకరి పిన్ను ఒకరు చూసుకుంటారు. ఇక్కడ దూకేది ఒక్కతే. చూసేవారెవరు?

మనుషుల పక్షం పంపినవాడిని కుక్కల పక్షం ఒప్పుకోలేదు. కుక్కల పక్షంవాడిని మనుషుల పక్షం నమ్మలేదు. ఓటింగు పెట్టారు. తొంభై ఒకటికి తొంభై ఒకటి వచ్చాయి. మిగిలినవాళ్లు ఓటింగు పెట్టిన తీరుకు నిరసనగా ఓటు వేయలేదు. చివరికి ఎనభై తొమ్మిది నాటి వీరుడు జానీ మియా అయితే సరేనన్నారు. యోనా ఒక్క షరతు పెట్టాడు: "ఆ ఒక్క పూట మియా సాబ్ కుక్కల ముచ్చట ఎత్తొద్దు." మియా ఒప్పుకున్నాడు.

తబితా తల్లాడ వచ్చి మూడు రోజులు నేర్పింది. పిన్ను దారపు ఉంగరంలోంచి పూర్తిగా దూరాలి, పైన మూత పడాలి. ఆయనవి నలభై ఏళ్లు కుట్లు చూసిన కళ్లు. ఊడిన కుట్టును పది గజాల నుంచి పట్టే కళ్లు. రెండో రోజుకే ఆ సంచి కుట్టు ఎక్కడ బిగువో ఎక్కడ వదులో ఆమెకే చెప్పాడు.

"పిన్ను సగం జారితే ఏమైతది బిడ్డా?"

"గొడుగు విమానం తలుపు దగ్గరనే విచ్చుకుంటది తాతా. తోక రెక్కకు చుట్టుకుంటది. నన్నూ విమానాన్నీ కలిపి మూట కడ్తది."

"నేనుండంగ కాదు తియ్" అన్నాడు మియా.

ఉత్సవం నాడు ముందుగా సభ. గ్రూపు అధ్యక్షుడు వెంకటనారాయణ గారు మైకు పట్టుకున్నారు. ఎరువుల షాపు యజమాని. గోడకున్న గడియారానికి కీ ఇవ్వడానికి స్టూలు ఎక్కితే కళ్లు తిరుగుతాయి. "మిత్రులారా! ఆకాశం మనది! మేఘాలు మనవి! ఈ ప్రాంత యువతను నేలకు కట్టి పడేసిన కాలం చెల్లింది! మోకాలు సహకరించి ఉంటే ఈ రోజు తొలి దూకు నేనే దూకేవాణ్ణి!" అన్నారు. మోకాలికి జనం చప్పట్లు కొట్టారు.

అద్దెకు తెచ్చిన విమానం రన్‌వే చివర నిలబడి ఉంది. తబితా సంచి తగిలించుకొని వచ్చి జానీ మియాకు వీపు చూపింది. సరిగ్గా అప్పుడే ఆయన ఫోను మోగింది. యోనా గ్రూపులో పెట్టాడు: "పొద్దటిసంది మియా సాబ్ సప్పుడు చేస్తలేడు. కుక్కల విషయంల ఓడిపోయినట్టే లెక్క."

"దాదా, గిది గూడ రాయాల్నా?"

"గిదే రాయాలె బేటా. మిగతాదంతా దీని కోసమే చెప్తున్న."

జానీ మియా ఫోను నోటి దగ్గర పెట్టుకున్నాడు. ఒక్క పూట షరతు గుర్తుంది. కానీ షరతు పెట్టినవాడే దాన్ని మీరాక తనకేం అడ్డమనుకున్నాడు. రెండు నిమిషాల పద్నాలుగు సెకన్లు మాట్లాడాడు. జీవితంలో ఎన్నడూ అంత వేగంగా మాట్లాడలేదు. అందులో మున్సిపాలిటీ ఉంది, రాజ్యాంగం ఉంది, కుక్క కరిచిన తన మేనల్లుడి పిక్క ఉంది. నడుమ తబితా, "తాతా, పిన్ను చూసినవా?" అని అడిగింది. "చూసిన, చూసిన" అని ఎడమ చేత్తో భుజం మీద రెండుసార్లు తట్టి, మళ్లీ మేనల్లుడి పిక్క దగ్గర అందుకున్నాడు.

విమానం లేచింది. మెసేజ్ వెళ్లింది. మనుషుల పక్షం నుంచి అరవై బొటనవేళ్లు లేచాయి. వాటిని చూసుకొని, ఫోను జేబులో పెట్టుకొని, ఖాళీ అయిన చేతిని చూసుకున్నాడు. అప్పుడు తెలిసింది. తట్టాడు. చూడలేదు.

పైన విమానం మిడతంతైంది. దాన్ని ఆపే మాట ఏదీ ఆయన దగ్గర లేదు. రెండు నిమిషాల పద్నాలుగు సెకన్లలో అన్ని మాటలూ అయిపోయాయి. ఒక నల్ల చుక్క విమానం నుంచి విడివడింది. మియా లెక్కపెట్టాడు. ఎనభై తొమ్మిదిలో అయిదు అంకెలకే నేల వచ్చింది. ఇప్పుడు ముప్పై దాటినా ఏమీ రాలేదు. నలభై దగ్గర నారింజ రంగు గుడ్డ ఒకటి పువ్వులా విచ్చుకుంది. జానీ మియా అక్కడే మట్టిలో కూలబడ్డాడు. జనం అది నమాజు అనుకొని దారి ఇచ్చారు.

తబితా ఒక రైతు మిర్చి కల్లం అంచున దిగింది. ఘాటుకు పదకొండు సార్లు తుమ్మింది. ఒక వీధికుక్క పరుగున వచ్చి తోక ఊపింది. ఆ ఫొటో గ్రూపులో పడింది. కుక్క స్వాగతం పలికిందని ఒక పక్షం, కరవబోతుండగా తుమ్ములకు బెదిరిందని రెండో పక్షం, మూడు రోజులు వాదించుకున్నాయి. దూకిన పిల్ల ఎలా ఉందని అడిగినవారు లేరు. ఫొటోలో ఆమె సగమే పడింది.

సాయంత్రం చాయ్ బండి దగ్గర దేవ్‌సింగ్ కనబడ్డాడు. తండా మనిషి, యాభై దాటినవాడు, ట్రాక్టరు నడుపుతాడు. తబితాను విమానం దాకా తన ట్రాక్టరు మీద తీసుకుపోయింది అతడే. ఒకప్పుడు గ్రూపులో ఉండేవాడు. ఏ విషయం మీదా అభిప్రాయం చెప్పడం లేదని నాలుగో రోజున తీసేశారు.

"సాయిబూ, ఆ అమ్మ సంచి మూత లేచింది. కింద ఇనుప పుల్ల సగం బయటికున్నది. లోపటికి నెట్టి మూత ఏసిన. తప్పేం గాదు గద?" అన్నాడు దేవ్‌సింగ్.

మియా చాయ్ గ్లాసును బండి మీద పెట్టేశాడు. "ఆమెకు చెప్పినవా?"

"ఇంజన్ మోతల ఏం ఇనవడ్తది? దీవిస్తున్న అనుకొని దండం పెట్టింది."

"నీకెట్ల తెల్సె?"

"నాకేం తెల్సు సాయిబూ! మిర్చి బస్తాల లోడు కట్టెటోన్ని. బండి కదిలే ముంగట తాడు ఒక్కపారి చూడకుంటే నాకు కాలాడదు."

ఆ వారమే గ్రూపు జానీ మియాకు 'గగన భద్రతా చక్రవర్తి' బిరుదు ఇచ్చింది. ఫ్లెక్సీ కట్టారు. దాని అంచులు కూడా ఆయనే కుట్టాడు. తబితా ఫోన్ చేసింది: "తాతా, వచ్చే ఆదివారం మా శిక్షణ స్కూల్ నుంచి పదిమంది వస్తున్రు. అందరి పిన్నులు నువ్వే చూస్తవని చెప్పిన. నీ చెయ్యి పడ్తే నాకు ధైర్యం."

పదిమంది. జానీ మియా ఇక ఉండబట్టలేక నిజం చెప్పేద్దామని గ్రూపులో గొంతు పంపాడు: "నేను పిన్ను చూడలే. దేవ్‌సింగ్ చూసిండు." ఎనభై ఏడు మంది చేతులు జోడించారు. "పెద్దల వినయం గిట్లుంటది" అన్నాడొకడు. "చక్రవర్తి గారి నిరాడంబరతకు వందనం" అని అధ్యక్షుడు రాశారు. యోనా మాత్రం, "మియా సాబ్ ముచ్చట మారుస్తుండు, కుక్కల సంగతి తేల్చమను" అన్నాడు. గ్రూపు చప్పుడు ఆపేసుకున్న తబితా దాకా అది చేరనే లేదు.

ఉత్సవం నాటి ఆయన గొంతు మెసేజ్ ఇంకా గ్రూపులో అలాగే ఉంది. కుక్కల వాదం నడుమ తబితా అడగడం, మియా "చూసిన, చూసిన" అంటూనే పిక్క దగ్గరికి పరుగెత్తడం, అంతా స్పష్టంగా వినబడుతుంది. రెండువందల మంది విన్నారు. కొందరు రెండుసార్లు విన్నారు. వాదంలో తప్పులు నలభై పట్టారు. ఆ ఒక్కటి ఎవరికీ వినబడలేదు.

"ఇగ చాలు బేటా, కలం పెట్టు. ఆదివారం లోపట మధిర బస్సెక్కి పోయి, గిది తబితాకు చదివి వినిపించు. ఎదురుంగ కూసోని చదువు. గ్రూపుల పెట్టకు, మళ్ల చేతులు జోడిస్తరు. దేవ్‌సింగ్ పేరు వచ్చినకాడ జర ఆగి, రెండుసార్లు చదువు. పిన్నులు చూసేటందుకు ఆయన్ని పిలుచుకొమ్మను. నాకు షామియానాల పని ఉన్నదని చెప్పు. వద్దు, గది చెప్పకు, అబద్ధం. ఇంకొక్కటి. చదువుడైనంక ఆ పిల్ల 'విన్న, విన్న' అంటది. నమ్మకు. ఏం విన్నవో చెప్పుమను."