శాంతి పాటలో కేక

చెప్పుల దుకాణంలో పనిచేసే బావ, ఆదివారం పొద్దున్నే భార్య బజారు నుంచి వచ్చేలోగా పాట రికార్డు చేసెయ్యాలనుకున్నాడు. వంటింట్లో గొంతు బాగా మోగుతుందని రాక్ బ్యాండంతా అక్కడే దిగింది. అంతా అంటే ఎంతోమంది కాదు. పాడేది బావ, డ్రమ్ములు వాయించేది బావమరిది.

పాట పేరు 'శాంతి'. రెండో చరణంలో బావ కళ్లు మూసుకుని రాగం తీస్తుండగా, బావమరిది స్పీకరు పెట్టె జరపబోయి సరిగ్గా ఆయన కాలి బొటనవేలి మీద పడేశాడు.

"అమ్మోయ్! చచ్చాన్రోయ్!"

ఇంతలో వీధి తలుపు చప్పుడైంది. మళ్లీ పాడే వ్యవధి లేక, పాటను ఉన్నదున్నట్టుగా ఫోనులోంచి లోకం మీదికి వదిలేశారు. తెల్లారేసరికి బస్సుల్లో, బళ్లలో ఎక్కడ విన్నా అదే కేక! శాంతి ఎవరికీ అక్కర్లేకపోయింది పాపం.

మొదటి కచేరీలో బావ ఉత్తుత్తి కేక పెడితే జనం ఒప్పుకోలేదు. "నొప్పేదీ? దొంగ కేక!" అని గోల. బావమరిది చల్లగా లేచొచ్చి, ఆ వేలినే మడమతో తొక్కాడు. ఇక ఈలలే ఈలలు! అప్పట్నుంచి ప్రతి కచేరీలోనూ అదే వరస. బావ ఉద్యోగం మానేసి రెండో పాట కట్టాడు. దాన్ని విన్న నాథుడు లేడు.

ఆ సమయంలో ఓ మ్యూజిక్ కంపెనీ పెద్దాయన కచేరీకి వస్తున్నాడని కబురొచ్చింది. ఆయన మెచ్చితే ఆల్బమ్, లేకపోతే మళ్లీ చెప్పులే గతి. బావ బయల్దేరబోతుంటే భార్య అడ్డం నిలబడింది.

"వేలు వంకాయలా అయింది. ఇవి తొడుక్కుంటేనే గడప దాటేది."

చూస్తే, ముందువైపు ఇనప రేకున్న ఫ్యాక్టరీ బూట్లు!

"కచేరీకి ఇవేంటే?"

"కచేరీకి కాదు, మా తమ్ముడికి."

బావ తొడుక్కున్నాడు. ఆ ముక్క బావమరిది చెవిన వేద్దామనే అనుకున్నాడు గానీ, హడావిడిలో మరిచిపోయాడు.

రెండో చరణం వచ్చింది. ఎదురుగా కంపెనీ పెద్దాయన ఉన్నాడు కదా అని, బావమరిది ఒంట్లో ఉన్న బలమంతా మడమలోకి తెచ్చుకుని వట్టికాలితో ఎగిరి తొక్కాడు.

"అమ్మోయ్! అక్కోయ్! చచ్చానే!"

హాలు దద్దరిల్లింది. పక్కనే బావ పెట్టిన ఉత్తుత్తి కేక ఎవరికీ వినపడనే లేదు. పెద్దాయన కళ్లు తుడుచుకుంటూ వేదికెక్కి, ఒంటికాలి మీద గెంతుతున్న బావమరిదిని వాటేసుకున్నాడు. "ఇన్నాళ్లూ ఎక్కడ దాచారండీ ఈ గొంతుని?"

బావ మళ్లీ దుకాణంలో చేరాడు. ఏడుపొచ్చింది గానీ, వేలు మాత్రం హాయిగా మానింది. నెల తిరక్కముందే బావమరిది కుంటుకుంటూ వచ్చాడు.

"నన్ను తొక్కడానికి కంపెనీవాళ్లు ఓ పహిల్వాన్ని పెట్టారు బావా! నీకు దణ్ణం పెడతా, ఆ ఇనప బూట్లు నా సైజులో ఒక జత ఇవ్వు."

ఆ బూట్లతో నిండిపోయిన అలమరకి బావ తాపీగా వీపు ఆనించాడు.

"నీ సైజు స్టాకు లేదు," అన్నాడు.