క్లీనింగ్ మనిషి వస్తోంది, ఇల్లు సర్దండి!

ఇల్లు శుభ్రం కావడానికి చీపురక్కర్లేదు, వ్యాక్యూమ్ అక్కర్లేదు. క్లీనింగ్ మనిషి వస్తోందన్న కబురు చాలు!

నవ్వకండి. అనుభవం మీద చెబుతున్నాను. ఇళ్ళు శుభ్రం చేసే సొంత వ్యాపారం నాది. కంపెనీ అంటే నేనూ, ఓ బకెట్టూ, నాలుగు స్ప్రే సీసాలూ. నడుం పట్టేసి రెండేళ్ళ కిందట మూసేశాను. ఈమధ్యే మళ్ళీ నడుం బిగించాను. మాటవరసకి కాదు, డాక్టరుగారిచ్చిన బెల్టుతో నిజంగానే బిగించాను. "ఈసారి పట్టేసిందంటే వ్యాపారం మాట మర్చిపోండి" అని ఆయన ముందే చెప్పేశారు.

భయపడుతూనే మొదటి ఇంటికెళ్ళాను. ఇల్లాలు ఆయాసపడుతూ, చెమట తుడుచుకుంటూ తలుపు తీసింది. లోపల సింకు తళతళలాడుతోంది. "మీరొచ్చేసరికి ఇల్లు మరీ అధ్వాన్నంగా ఉంటే ఏం బావుంటుందండీ? అందుకే కాస్త తుడిచాను" అంది. కాస్తట! ఫ్యాన్ రెక్కల మీద కూడా నాకు దుమ్ము దొరకలేదు.

రెండో ఇల్లు రిటైరైన లెక్కల మాస్టారిది. నేను సోఫా జరపబోతే ఆయన అడ్డం పడ్డారు. "దాని కింద నిన్ననే ఊడ్చేశానమ్మా" అన్నారు, దొంగతనం చేస్తూ దొరికిపోయినంత కంగారుగా. మూడో ఇంట్లో భార్యాభర్తలు నేనొస్తున్నానని ఆఫీసుకి సెలవు పెట్టి మరీ తుడుచుకున్నారు.

ఇదేం చోద్యమని విసుక్కునే తోటి పనివాళ్ళున్నారు. నేను మాత్రం విసుక్కోను. నా నడుముకి ఇంతకంటే మంచి వైద్యం ఏ డాక్టరు రాసిస్తాడు? మాస్టారైతే మొన్న ఫోన్ చేసి, "ఇకమీదట మీరు రానక్కర్లేదమ్మా. వస్తున్నానని వారం వారం ఫోన్ చెయ్యండి చాలు" అన్నారు. వ్యాపారం ఇలాగే వృద్ధిలోకొస్తే బకెట్టు అమ్మేసుకోవచ్చు.

మరి రాత్రయ్యేసరికి నా నడుం ఎందుకు విరిగిపోతోంది అంటారా?

మా ఇంట్లో ఆ కబురు పనిచెయ్యదండీ. నేను వస్తున్నానని తెలిసీ పొద్దున తాగిన కప్పులు అక్కడే ఉంటాయి. సోఫా మీద తడి తువ్వాలుంటుంది. నేలంతా బిస్కట్ పొడి. "ఇంట్లోనే ఎక్స్‌పర్ట్ ఉండగా నేను వేలు పెడితే ఏం బావుంటుంది?" అంటారు మావారు. నేను కింద తుడవడానికి వీలుగా కాళ్ళు మాత్రం పైకెత్తుతారు. పెద్దమనసు.

రెండేళ్ళ కిందట నా నడుం పోయింది ఊళ్ళో ఇళ్ళు తుడిచి కాదు, అవి తుడిచొచ్చి మళ్ళీ మా ఇల్లు తుడిచి. ఇంకోసారి పోతుందేమోనని నాకు దిగులు పట్టుకుంది. అందుకే శుక్రవారం మావారితో, "నాకు తీరిక దొరకట్లేదు. రేపు పదింటికి మనింటికి క్లీనింగ్ మనిషి వస్తోంది" అన్నాను.

మర్నాడు పెందలాడే బయటికెళ్ళిపోయి, పదింటికి బకెట్టుతో వచ్చి బెల్లు కొట్టాను. మావారు తడిగుడ్డ భుజాన వేసుకుని, ఆయాసపడుతూ తలుపు తీశారు. లోపల ఇల్లు అద్దంలా ఉంది. ఆయన నా వెనక్కి తొంగి చూసి, "మనిషేదీ?" అన్నారు.

"నేనే."

ఆయన భుజాన ఉన్న తడిగుడ్డ తీసి నా బకెట్టులో పడేశారు. ఆ తర్వాత నిష్ఠూరంగా, "నువ్వే అని ముందే చెప్పుంటే ఇంత కష్టపడేవాణ్ణి కాదుగా" అన్నారు.

పరాయి మనిషి చూస్తే ఏమనుకుంటుందోనని తెల్లారకుండానే లేచిన ఆయనకి, నేను చూస్తే ఏమనుకుంటానో ఇన్నేళ్ళూ తట్టనే లేదు. మనసు చివుక్కుమంది. అయినా నడుం మాత్రం హాయిగా ఉంది కాబట్టి, వెళ్ళి సోఫాలో కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చున్నాను.

వచ్చే శనివారం కూడా క్లీనింగ్ మనిషి వస్తోందని చెప్పాను. ఎవరో మాత్రం చెప్పలేదు.