అక్క వాటా పంది

థ్యాంక్స్ గివింగ్ పండగ దగ్గరపడే కొద్దీ సెమిసికి కలలో పంది రావడం ఎక్కువైంది.

మామూలు పంది కాదు. నిప్పుల మీద తిరిగి తిరిగి బంగారు రంగుకొచ్చిన పంది. మంచు కురుస్తుంటే మబ్బుల్లోంచి మెల్లగా దిగి, మంచం పక్కన నిలబడి, నెమ్మదిగా వీపు తిప్పి చూపించేది. ఆ వీపు మీద చర్మం అప్పడంలా పొంగి ఉండేది. సెమిసి నోరు తెరిచేవాడు. సరిగ్గా అప్పుడే పెళ్ళాం లూపే మోచేత్తో పొడిచేది.

"దిండు కొరక్కు. మొన్ననే కొత్త గలీబు వేశాను."

అసలు సంగతేమిటంటే, మొన్న వేసవిలో సెమిసి కాలి బొటనవేలు వాచి టొమాటోపండంత అయింది. డాక్టరు చూసి గౌట్ అన్నాడు. పంది మాంసం మానెయ్, ఉప్పు తగ్గించు అన్నాడు. సాల్ట్ లేక్ అని ఊరికే ఉప్పు పేరు పెట్టుకున్నచోట కాపురం చేస్తూ ఉప్పెలా తగ్గిస్తారని సెమిసి వాదించాడు. డాక్టరు నవ్వలేదు. లూపే అసలే నవ్వలేదు. ఆ రోజు నుంచి ఇంట్లో ఉడకబెట్టిన కోడి, ఉడకబెట్టిన క్యాబేజీ. ఎయిర్‌పోర్టులో పెద్ద పెద్ద పెట్టెల్ని ఒంటి చేత్తో విమానంలోకి విసిరే మనిషి, సాయంత్రం ఇంటికొచ్చి క్యాబేజీ ముందు చేతులు కట్టుకుని కూర్చునేవాడు.

"పండక్కి పంది కాల్చకపోతే టోంగావాళ్ళ ఇల్లు అంటారా ఎవరైనా?" అన్నాడు ఒక రోజు గొంతు పెంచి.

"ఎవరు వద్దన్నారు? కాలుద్దాం. నువ్వే కాల్చు."

సెమిసి గుండె ఒక్క క్షణం ఆగింది.

"కాల్చి మీ అక్కకిద్దాం," అంది లూపే.

గుండె మళ్ళీ మామూలుగా కొట్టుకుంది.

లూపేని తప్పుపట్టడానికి లేదు. పసిఫిక్ సముద్రంలోని దీవుల నుంచి అమెరికా వచ్చిన ఈ టోంగావాళ్ళలో ఇంటి మగాడికంటే అతని అక్కది పైచెయ్యి. తమ్ముడింట్లో విందు జరిగితే పంది ఆవిడది, మూతి నుంచి తోక దాకా. ఆవిడ పెడితే తినాలి, పెట్టకపోతే చూడాలి. అడగడమన్నది లేదు. అక్కని తిండి అడగడంకంటే చర్చికి లుంగీ లేకుండా వెళ్ళడం నయం. సెమిసి అక్క పేరు హీలాలా. అది వాళ్ళ దేశంలో ఒక పువ్వు పేరు. ఈవిడ మాత్రం పువ్వుల బండి. కూర్చుందంటే ఆ సోఫా ఇంకెవరికీ పనికిరాదు. ఏటా పండక్కి వచ్చి, పందిని వ్యాన్‌లో పడుకోబెట్టి, సీటు బెల్టు కూడా పెట్టి తీసుకుపోతుంది.

ఆదివారం చర్చిలో అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంటే సెమిసి మూసిన కళ్ళలోకి మళ్ళీ పంది వచ్చింది. ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు. ఎదురుగా ఎల్డర్ థాచర్.

ఎల్డర్ అంటే పెద్దాయన. ఈ పెద్దాయనకి మీసం ఇంకా రాలేదు. ఐడహోలో బంగాళదుంపల పొలంలో పుట్టిన కుర్రాడు. మోర్మన్ చర్చి వాడికి తెల్లచొక్కా తొడిగి, టై కట్టి, జేబు మీద పేరు తగిలించి, ఊరు కాని ఊళ్ళో ఇంటింటికీ తిరిగి దేవుడి మాట చెప్పి రమ్మంది. టోంగావాళ్ళ మధ్య పనిచేయాలి గనక వాళ్ళ భాష నేర్చుకున్నాడు. ఇక్కడ పుట్టిన టోంగా పిల్లలకంటే బాగా మాట్లాడతాడు. ఎక్కడికెళ్ళినా పక్కన ఎల్డర్ ఓర్టన్ ఉంటాడు. ఓర్టన్ ఎవరితోనూ మాట్లాడడు.

సెమిసి బుర్రలో దీపం వెలిగింది. దేవుడి పని మీద వచ్చిన అతిథి ఇంట్లో ఉంటే పంది వెళ్ళాల్సింది అతిథి ముందుకే. అక్క కూడా కాదనడానికి వీల్లేదు. అతిథి ముందు పెట్టింది అతిథిదే. తిన్నంత తిని మిగిలింది పట్టుకుపోవాలి. కానీ ఆ కుర్రాళ్ళుండే గదిలో ఫ్రిజ్ ఎంతని? రెండు పాల డబ్బాలు పెడితే తలుపు పడదు. "అయ్యో, మా ఇంట్లోనే ఉంచండి బాబూ, నేను జాగ్రత్తగా చూసుకుంటా" అంటాడు సెమిసి. చాలా జాగ్రత్తగా.

"ఆమెన్!" అన్నాడు గట్టిగా.

ప్రార్థన ఇంకా సగంలోనే ఉంది.

ఒక్కటే చిక్కు. ఆ వయసు కుర్రాళ్ళు తింటారు. ఆకలి మీద వస్తే పంది మిగలదు. అందుకని సెమిసి ముందుగా ఎయిర్‌పోర్టులో తనతోపాటు పనిచేసే కాంగో ఆయన కసోంగోకి ఫోన్ చేశాడు.

"ఆ పిల్లలు పాపం చిక్కిపోతున్నారు బ్రదర్. పండగపూట ఎవరూ ఒంటరిగా ఉండకూడదు. మధ్యాహ్నం మీ ఇంట్లో కాస్త అన్నం పెట్టండి."

"చిక్కిపోతున్నారా?" అన్నాడు కసోంగో. "మా ఆవిడ చేతిలో పడితే ఇంకెవరూ ఆ మాటనరు."

తరవాత ఎదురింటి యులాలియమ్మకి చేశాడు. గ్వాటెమాలా ఆవిడ. ఆ మాట వింటూనే ముక్కు చీదింది. "మా ఇంటికి పంపు నాయనా, ఒకళ్ళ అమ్మ అయితేనేం, ఇంకొకళ్ళ అమ్మ అయితేనేం," అంది.

లూపే తలుపు దగ్గర నిలబడి వింది. "ఏమిటి, ఉన్నట్టుండి ఆ కుర్రాళ్ళ మీద ఇంత ప్రేమ?"

"అతిథుల్ని ఆదరించమని బైబిల్లో ఉంది."

"ఏ పేజీలో?"

"మధ్యలో."

పండగ రోజు తెల్లారకుండానే మంచు మొదలైంది. పెరట్లో నిప్పులు, నిప్పుల మీద ఇనుప కడ్డీ, కడ్డీకి పంది, కడ్డీ చివర సెమిసి. తిప్పుతూ ఉన్నాడు. మంచు రేకులు పంది దాకా వచ్చి, ఆ వేడికి సిగ్గుపడి మాయమైపోతున్నాయి. పొగ తిన్నగా పైకి లేచి మబ్బుల్లో కలుస్తోంది. వీపు మీద చర్మం ఒక్కో బుడగా పొంగుతోంది. చిటపటలాడుతోంది. ఆ చిటపటలో ఎవరో తన పేరు పిలుస్తున్నట్టుంది. సెమిసికి తను నిద్రలో ఉన్నాడో మెలకువగా ఉన్నాడో తెలియలేదు.

"పంది బాగా వచ్చింది తమ్ముడూ," అంది హీలాలా వెనక నుంచి. వ్యాను అప్పుడే గేటు దగ్గర పెట్టింది, వెనక తలుపులు తెరిచి.

"నీదే కదక్కా," అన్నాడు సెమిసి. అనాలి కాబట్టి. "కాకపోతే ఇవాళ దేవుడి మనుషులు వస్తున్నారు. వాళ్ళ ముందు పెట్టాలేమో."

"పెట్టాలి మరి," అంది అక్క. వంటింటి కిటికీలో లూపే వైపు ఒకసారి చూసింది. "మర్యాద మర్యాదే."

ఇంత తేలిగ్గా ఒప్పుకుంటుందని సెమిసి అనుకోలేదు. కడ్డీ ఇంకో రెండు చుట్లు ఎక్కువ తిప్పాడు.

ఎల్డర్లు వచ్చారు. నడవడం లేదు, ఒరుగుతున్నారు. థాచర్ టై వదులైపోయింది. ఓర్టన్ గోడ పట్టుకున్నాడు.

"బ్రదర్ కసోంగో ఇంట్లో ఫూఫూ అని పెద్ద పెద్ద పిండిముద్దలు, చేప," అన్నాడు థాచర్ ఆయాసపడుతూ. "చాలంటే ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుందన్నా. అందుకని మళ్ళీ తిన్నాం. యులాలియమ్మ ఇంట్లో తమాలేలు, ఆకులో చుట్టి ఉడికించిన మొక్కజొన్న ముద్దలు. ఆకు విప్పి తినడం, మళ్ళీ ఆకు విప్పడం. కింద ఆకుల కుప్ప మోకాళ్ళ దాకా వచ్చింది."

"అయ్యో పాపం," అన్నాడు సెమిసి. ముఖం వెలిగిపోతోంది. "కూర్చోండి, కూర్చోండి. ఒక్క ముక్క తిన్నా చాలు."

ఇంతలో వీధిలో తలుపుల చప్పుడు. కసోంగో, అతని భార్య, వాళ్ళ పిల్లలు. వెనకాలే యులాలియమ్మ, కొడుకులు, కోడళ్ళు, మనవలు. అందరి చేతుల్లోనూ గిన్నెలు, ప్లేట్లు. అన్నీ ఖాళీయే.

"వీళ్ళెందుకు?" అన్నాడు సెమిసి గొణుగుతూ.

"నేనే పిలిచానన్నా," అన్నాడు థాచర్. "పండగపూట ఎవరూ ఒంటరిగా ఉండకూడదని మీరే అన్నారట కదా. పంది గురించి చెప్పగానే బయలుదేరారు."

సెమిసి ధైర్యం తెచ్చుకున్నాడు. ఎంతమంది వచ్చినా పంది అతిథిదే. అతిథి కడుపులో చోటు లేదు. పందిని నలుగురు మోసుకొచ్చి థాచర్ ముందు పెట్టారు. సెమిసి లేచి, చేతులు కట్టుకుని, అందరికీ వినపడేలా అన్నాడు. "దేవుడి బిడ్డా, ఇది నీది. మొత్తం నీదే."

థాచర్ ప్రార్థన చేశాడు. భోజనానికి కృతజ్ఞతలు చెప్పాడు. వండినవాళ్ళని, దూరదేశాల్లో ఉన్న వాళ్ళవాళ్ళని కాపాడమన్నాడు. "ప్రభూ, సెమిసి అన్న కాలి బొటనవేలుని కూడా," అన్నాడు.

సెమిసి కళ్ళు తెరిచాడు. లూపే మూసుకునే ఉంది. పెదవి మీద ఏదో కదిలింది.

"ఆమెన్," అన్నారందరూ.

థాచర్ నిలబడ్డాడు. "మొత్తం నాదే కదన్నా?"

"నీదే బాబూ."

"నాదైతే నా ఇష్టమొచ్చినవాళ్ళకి ఇవ్వచ్చా?"

గదిలో అంతా సెమిసి వైపే చూస్తున్నారు. "ఇ... ఇవ్వచ్చు."

థాచర్ స్వచ్ఛమైన టోంగా భాషలో, వాళ్ళ పెద్దలు మాట్లాడినట్టు, తల వంచి అన్నాడు. "ఈ ఇంట్లో నాకంటే పెద్దవాళ్ళున్నారు. ఇంటి మగాడికే పెద్దక్క. ఈ పంది ఆవిడ పాదాల దగ్గర పెడుతున్నాను."

హీలాలా కళ్ళు తుడుచుకుంది. తుడుచుకుంటూనే రెండో చేత్తో కత్తి అందుకుంది. ఈసారి వ్యాను ఎక్కించలేదు. అక్కడే పంచింది. కసోంగో ప్లేటులో తొడ, యులాలియమ్మ గిన్నెలో పక్కటెముకలు, పిల్లలందరి చేతుల్లో తలో ముక్క చర్మం. గది నిండా ఒకటే కరకర. ఓర్టన్ కూడా మొదటిసారి నోరు తెరిచి "అమ్మో" అన్నాడు, ఇంకో ముక్క తీసుకుంటూ.

"మరి తమ్ముడికి?" అంది హీలాలా, కత్తి గాల్లో ఆపి.

సెమిసి ప్లేటు ముందుకు జరిపాడు.

"తమ్ముడికి లూపే ఏదో ప్రత్యేకంగా చేసిందట."

లూపే మూత తీసింది. ఉడకబెట్టిన కోడి. "పండగ కదా," అంది, "పైన కొత్తిమీర చల్లాను."

తిన్నాక సెమిసి పెరట్లో ఆరిపోతున్న నిప్పుల దగ్గర కుర్చీ వేసుకున్నాడు. లూపే వచ్చి భుజాల మీద దుప్పటి కప్పింది.

"నీకెలా తెలిసింది?"

"కసోంగో భార్య ఫోన్ చేసింది. 'మీ ఆయనెంత మంచివాడమ్మా, ఆ పిల్లల కోసం ఊరంతా ఫోన్లు చేస్తున్నాడు' అంది. పెళ్ళయినప్పటి నుంచి నువ్వు ఎవరికన్నా ఫోన్ చేశావా?"

"అయితే అక్కకీ, ఆ కుర్రాడికీ..."

"నువ్వు వేసవిలో పాక్కుంటూ బాత్రూంకెళ్ళావు సెమిసీ. అది చూసి మన పిల్లలు నవ్వారు. నాకు నవ్వు రాలేదు." దుప్పటి అంచు మెడ దగ్గర సర్ది లోపలికి వెళ్ళిపోయింది.

హీలాలా వచ్చి పక్కన నిలబడింది. చేతిలో అరచేయంత చర్మం ముక్క. కొరికింది. కరకరమంది. మంచు కురుస్తూ ఉంది.

"బాగుందా అక్కా?" అన్నాడు సెమిసి. అంతకంటే ఏమీ అనడానికి లేదు.

"బ్రహ్మాండంగా కాల్చావు," అంది అక్క నములుతూ, తిరిగి లోపలికి నడుస్తూ.

వెచ్చగా ఉంది. సెమిసి కళ్ళు బరువెక్కాయి. మబ్బుల్లోంచి, పొగ దారి వెంట, మెల్లగా పంది దిగింది. వచ్చి కుర్చీ పక్కన నిలబడింది. ఎప్పట్లాగే వీపు తిప్పింది. వీపు మీద చర్మం లేదు.

"ఏదీ?" అన్నాడు సెమిసి గాభరాగా.

పంది జాలిగా చూసింది.

"మీ అక్కనడుగు," అంది.